నలుగురు మహానటులు, ఒక బెంచీ

ప్రభుత్వ ప్రచార చిత్రాల శాఖలో ముప్ఫై ఏళ్లకు కొంచెం తక్కువ పనిచేశాను. మెట్టు మెట్టుగా ఎలా పైకి వచ్చానో ఇక్కడ రాయను. ఎక్కువ మెట్లు ఎక్కలేదు కనక ఆ అధ్యాయం ఎలాగూ చిన్నదే. ఈమధ్య టెలివిజన్లోనూ సినిమాల్లోనూ చేరుతున్న మన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "అంకుల్, కెమెరా ఎక్కడ పెట్టాలో చెప్పండి" అని అడుగుతుంటారు. ఎక్కడ పెట్టినా ఫరవాలేదు. ఎవరి ముందు పెట్టామో మాత్రం మనకు తెలిసి ఉండాలి. నాకు అది తెలియడానికి ఒక హాస్య చిత్రం పట్టింది. అది హాస్య చిత్రమని ఫిల్ము డబ్బా మీద రాసి ఉండేది కనక ఎవరికీ అనుమానం రాలేదు.

ఉద్యోగం అసలు ఏమిటంటే

ఇంగ్లీషువాళ్ల పాలనలోని మలాయాలో ఎమర్జెన్సీ రోజులు. అడవుల్లో కమ్యూనిస్టులు, రోడ్ల మీద సైనికులు, రబ్బరు, కొబ్బరి ఎస్టేట్ల చుట్టూ ముళ్లకంచె, పొద్దు గుంకితే కర్ఫ్యూ. మా పని ఒక వ్యాన్‌లో ప్రొజెక్టరు, తెర, జనరేటరు వేసుకుని ఎస్టేటు ఎస్టేటుకూ వెళ్లి ప్రభుత్వం వారి సినిమాలు చూపించడం. ముందు ఒక పోలీసు లారీ, వెనక ఒక పోలీసు లారీ. అంత మర్యాదగా ఊరేగిన ఉపన్యాసకుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

బొమ్మ ఆడుతుంటే పక్కన మైకు పట్టుకుని ఆ ఎస్టేటు వాళ్ల భాషలో కథ చెప్పాలి. వ్యాఖ్యాత అనేవారు. మా నాన్న ఎస్టేటు ఆఫీసులో క్రాణీ, అంటే గుమాస్తా. నన్ను మద్రాసు పంపి బి.ఏ. చదివించాడు. తెలుగు, తమిళం, మలాయీ, ఇంగ్లీషు నాలుగూ వచ్చినవాడు కావాలని శాఖవారు నన్ను తీసుకున్నారు. నాలుగింటిలోనూ అవసరానికి మించి మాట్లాడతానని తర్వాత గ్రహించారు.

మా పైఅధికారి పెంబర్టన్ దొర. మంచివాడు. అందరికంటే ముందు వచ్చేవాడు, పెట్టెలు తనే మోసేవాడు, ఎవరినీ ఒక్క మాట అనేవాడు కాదు. పని పట్ల ఆయనకున్న శ్రద్ధలో సగం ఉన్నా మీరు బాగుపడతారు. లోపమల్లా ఒకటే. మనుషులంటే ఆయనకు ప్రేమే, కొంచెం దూరం నుంచి. కొబ్బరి చెట్టంటే మాత్రం దగ్గరి నుంచి.

తారాగణం

మెర్డెకా దగ్గర పడుతోంది. దేశం స్వతంత్రం కాబోతోంది గనక ఎస్టేట్లలోని ముసలివాళ్లు పౌరసత్వానికి అర్జీ పెట్టుకోవాలని, భయపెట్టకుండా నవ్విస్తూ చెప్పే సినిమా ఒకటి కావాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కథ చిన్నది. నలుగురు ముసలి స్నేహితులు ఒక బెంచీ మీద కూర్చుని పోట్లాడుకుంటారు, బస్సెక్కి పట్నం వెళ్తారు, ఫారం తెచ్చుకుంటారు, నవ్వుతూ తిరిగొస్తారు.

నటులు ఎక్కడ దొరుకుతారని దొర అడిగితే, బాగన్ దాతుక్‌లో నాకు తెలిసినవాళ్లున్నారని చెప్పాను. కొబ్బరి తోటల మధ్య పాత తెలుగు కాపురాలు అవి. నా చిన్నప్పుడు అక్కడి వీధి నాటకాల దళమంటే కౌలా సెలంగోర్ దాకా పేరు. మద్దెల వాయించే సింహాద్రి చేతులు చూడటానికే జనం వచ్చేవారు. గవరయ్య ఆడవేషం కడితే ఆడవాళ్లే చీర కట్టు నేర్చుకునేవారు. అప్పలస్వామి గొంతు తోట ఈ చివర ఎత్తితే ఆ చివర ఆవులు తల తిప్పేవి. ఇక పైడయ్య. అతను హాస్యగాడు. నోరు మెదపక్కర్లేదు, కనుబొమ్మ ఒకటి పైకి పోతే చాలు.

కర్ఫ్యూ వచ్చాక రాత్రి నాటకాలు ఆగిపోయాయి. ఏళ్లు గడిచాయి. నలుగురూ ముసలివాళ్లయ్యారు. నేను వెళ్లేటప్పటికి పైడయ్య ఇనప గునపం ముందు నిలబడి కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు.

"క్రాణీగోరబ్బాయివి గదా," అన్నాడు పని ఆపకుండా. "ఏటి బాబూ, సినిమాకా? ఏసమేటి?"

"ముసలివాడి వేషం, పైడయ్య బాబాయ్."

"అది కట్టుకునే ఉన్నాను," అన్నాడు. ఒక కాయ ఒలిచి పక్కన పడేశాక, అంత తేలిగ్గా కాకుండా అన్నాడు. "సూడు బాబూ. ఈ పిల్లలున్నారే, కర్ఫ్యూలో పుట్టినోళ్లు. ఆళ్లకి నాను కాయలు ఒలిసే తాతని. అంతే. నానేటోడినో ఆళ్లు ఒక్కసారి సూడాలి. మోకాళ్లు పోనాయి, కళ్లలో పొర అడ్డమొస్తంది. ఇంక ఎన్నాళ్లు లా?" మాట చివర ఆ "లా" మలాయీ నుంచి అందరికీ అంటుకున్న అలవాటు.

"అందరూ చూస్తారు. హీరోవి నువ్వే," అన్నాను. మాట ఇవ్వడం నాకు అప్పట్లో చాలా సులువుగా వచ్చేది.

చిత్రీకరణ

చిత్రీకరణ వారం రోజులు. ఒక హాస్య చిత్రాన్ని జాగ్రత్తగా ఎలా చంపవచ్చో ఆ వారంలో నేర్చుకున్నాను. తెలివితక్కువవాళ్లు అంత నీట్‌గా చెయ్యలేరు.

సినిమాకు మాటల రికార్డింగు లేదు. ఆట దగ్గర వ్యాఖ్యాత మైకులో చెప్పేదే మాట. అంచేత అప్పలస్వామి గొంతు మూగదయింది. సింహాద్రి చేతులు ఊరుకోవడం లేదని, చూసేవాళ్ల దృష్టి పోతుందని, దొర వాటిని జేబుల్లో పెట్టుకోమన్నాడు. ఆ జేబులున్న లాగు కూడా శాఖవారే ఇచ్చారు. గవరయ్యను బెంచీ మీదినుంచి లేవనివ్వలేదు. నడిస్తే నాటకంలా ఉందట. కొబ్బరి చెట్లకు మాత్రం మూడు క్లోజప్‌లు పడ్డాయి.

మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రం ఆ నలుగురూ ఒకళ్లనొకళ్లు ఏడిపించుకుంటుంటే మా డ్రైవర్ దావూద్‌కు అన్నం గొంతు దిగేది కాదు. అతను మలాయివాడు, తెలుగు ముక్క రాదు. అయినా కళ్లనీళ్లు తుడుచుకునేవాడు. భోజనం కాగానే అందరూ మళ్లీ బెంచీ మీద కూర్చునేవారు, సినిమా కోసం.

ఒక్క దృశ్యం మాత్రం బతికింది. పట్నం ఆఫీసులో ఫారం చేతికిస్తారు. నలుగురికీ చదువు రాదు. అది ఒప్పుకోవడం పైడయ్యకు ఇష్టం లేదు. ఫారం తీసుకుని తలకిందులుగా పట్టుకుంటాడు. అప్పలస్వామి సరిగ్గా తిప్పుతాడు. పైడయ్య అతని వంక జాలిగా చూసి మళ్లీ తలకిందులు చేస్తాడు. వేలు పెట్టి వరస వరసా చదువుతాడు. ఒకచోట లోలోపల నవ్వుకుని, పక్కవాడికి కనబడకుండా కాగితం గుండెకు ఆనించుకుంటాడు. ఇంకోచోట మొహం మాడుతుంది. మరోచోట కన్ను తుడుచుకుంటాడు. చివరికి మడిచి జేబులో పెట్టుకుని, అందరూ కుశలమేనని చేత్తో చెప్తాడు.

నాలుగు నిమిషాలు. ఒక్క టేకు. అదంతా పైడయ్య సొంతం. కథలో "ఫారం తీసుకుంటారు" అని మాత్రమే ఉంది. "కట్" చెప్పడం దొర మరిచిపోయాడు. కెమెరామన్ తనే ఆపాడు.

నా తప్పు

సినిమా కూర్పు అయ్యేటప్పటికి నాలుగు నిమిషాలు ఎక్కువొచ్చింది. దొర నన్ను పిలిచాడు.

"రావ్, రెండే దారులు. చివర నువ్వు రాసిన వ్యాఖ్యానం ఉంది, కొత్త దేశం గురించి. బొమ్మలతో కలిపి అది నాలుగు నిమిషాలు. ఆ ముసలాయన ఫారం చదవడం ఉంది. అదీ నాలుగు నిమిషాలే. ఈ మనుషుల సంగతి నీకు తెలుసు. ఏది ఉండాలో నువ్వు రాసివ్వు."

ఆ చివరి వ్యాఖ్యానం రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. అందులో ఉదయభానుడున్నాడు, నవయుగముంది, బి.ఏ. తెలుగులో నాకు మార్కులు తెచ్చిపెట్టిన సమాసాలన్నీ ఉన్నాయి. ఎస్టేట్లో ఒక్కడికీ అర్థం కాదని నాకు తెలుసు. అర్థం కాకపోతే గౌరవిస్తారని కూడా తెలుసు.

ఫారం దృశ్యం నిరక్షరాస్యులను కించపరిచేలా ఉందని, తీసివేయడం మంచిదని రాసిచ్చాను.

ఈ ఉద్యోగంలో చేరేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఆఫీసులో చెడ్డ పనికి చెడ్డ కారణం రాసేవాడు ఉండడు. "కించపరుస్తుంది" అన్న మాట ముందు పెంబర్టన్ లాంటివాడు కూడా తల వంచాడు. ముక్క కత్తిరించారు. కత్తిరించిన ఫిల్ము చెత్తలోకి పోయింది.

సినిమాలో పైడయ్యకు మిగిలింది బెంచీ చివర కూర్చుని తలూపడం.

ఎండుకొబ్బరి షెడ్డులో

కర్ఫ్యూ మూలాన ఆటలు పగలే వెయ్యాలి. బాగన్ దాతుక్‌లో ఎండుకొబ్బరి షెడ్డు కిటికీలకు గోనెలు కట్టి చీకటి చేశాం. ఎస్టేటంతా వచ్చింది. పిల్లలు ముందు వరసలో నేల మీద. నలుగురు నటుల్నీ బెంచీ మీద కూర్చోబెట్టారు. అది వాళ్లకు అలవాటే. పైడయ్య తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు.

అంతకు ముందు అతనితో చెప్పి ఉండాల్సింది. రెండుసార్లు దగ్గరికి వెళ్లాను. రెండుసార్లూ మైకు బాగుందో లేదో చూసుకుని వచ్చాను.

మొదటి రీలు నడిచింది. నేను వ్యాఖ్యానం చెప్పాను. నవ్వు రావలసిన చోట్ల కొబ్బరి చెట్లు కనిపించాయి. నలుగురూ పట్నం ఆఫీసు గుమ్మంలోకి వెళ్లారు. మరుక్షణం ఫారం పట్టుకుని నవ్వుతూ బయటికి వచ్చారు. మొదటి రీలు అయిపోయింది.

చీకట్లో ఎవరో ఆడమనిషి అడిగింది. "అదేటి, ఆళ్లు లోపల ఏటి సేసినారు?"

అప్పలస్వామి గొంతు షెడ్డంతా నిండింది. "లోపల మేము నాలుగు నిమిషాలున్నాము అమ్మా. తెర మీదికే రానేదు."

మాకు ప్రొజెక్టరు ఒకటే. రీలు మార్చాలంటే ఆట ఆపాలి. దావూద్ వెలుతురు కోసం పక్క కిటికీ గోనె పైకెత్తి కట్టాడు. ఎండ పలకలా వచ్చి తెర ముందు నేల మీద పడింది. పైడయ్య బెంచీ మీదినుంచి నన్నే చూస్తున్నాడు.

"కాయితం సదివే ముక్క ఏదీ బాబూ?"

"తెగిపోయింది బాబాయ్. ఈ మిషన్ ఒక దరిద్రం. ఎన్నిసార్లు చెప్పినా బాగుచెయ్యరు."

"తెగిపోనాదా, తెంపినారా?"

నేను మైకు తీగ సర్దుకున్నాను. ముందు వరసలో పిల్లలు అప్పటికే ఒకళ్లనొకళ్లు గిల్లుకుంటున్నారు. వాళ్లకు కొబ్బరికాయలు ఒలిచే తాత సినిమాలో తలూపాడు. అంతే.

పైడయ్య పిల్లల వంక చూశాడు. తర్వాత దావూద్‌ను మలాయీలో అడిగాడు, రీలు ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందని.

"అయిదు నిమిషాలు లా, తాతా."

"సాలు," అన్నాడు పైడయ్య.

లేచాడు. మోకాలు పట్టుకుని లేచాడో, నటిస్తూ లేచాడో అప్పుడు నాకు తెలియలేదు. గుమ్మం దగ్గర బల్ల మీద నిజం ఫారాల కట్ట ఉంది, ఆట అయ్యాక పంచడానికి. ఒకటి తీసుకుని వచ్చి ఎండ పలకలో నిలబడి తలకిందులుగా పట్టుకున్నాడు.

అప్పలస్వామి వెళ్లి సరిగ్గా తిప్పాడు. పైడయ్య అతని వంక జాలిగా చూశాడు. ముందు వరసలో గిల్లుడు ఆగింది. సింహాద్రి చేతులు జేబుల్లోంచి బయటికొచ్చి బెంచీ చెక్క మీద మెల్లగా మొదలుపెట్టాయి. గవరయ్య బెంచీ దిగి, తల మీద పైగుడ్డ ముసుగేసుకుని, భర్త కబురు కోసం వచ్చిన పెళ్లాంలా ఒయ్యారంగా నడిచి వచ్చి భుజం మీదినుంచి తొంగి చూశాడు.

ఇంత జరుగుతుంటే నా చెయ్యి అలవాటు కొద్దీ మైకు పైకెత్తింది. ఏం చెప్పబోయానో ఇప్పటికీ తెలియదు. పైడయ్య వేలు ఫారం మీదినుంచి ఎత్తకుండానే ఇటు వచ్చాడు, మైకు నా చేతిలోంచి తీసుకున్నాడు, తలకిందులు చేసి అందులో ఏం రాసి ఉందో కాసేపు చదివాడు, దిగులుగా తల అడ్డంగా ఊపి అప్పలస్వామికి ఇచ్చాడు. అప్పలస్వామి దాన్ని బెంచీ కింద పెట్టాడు.

పిల్లలు నేల మీద దొర్లారు. కాపలాకొచ్చిన పోలీసు ఒకడు తుపాకీ గోడకు ఆనించి రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు.

"ఏటి రాసినారు?" అన్నాడు గవరయ్య, పెళ్లాం గొంతుతో.

పైడయ్య కన్ను తుడుచుకున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సినిమాలో చేత్తో చెప్పినది ఈసారి నోటితో చెప్పాడు. "అందరూ కుశలమేనట. ఏలిముద్ర నన్నే వెయ్యమన్నారు."

దావూద్ రీలు ఎక్కించి చాలాసేపయింది. గోనె దించడం మాత్రం మరిచిపోయాడు.

ముందు వరసలో ఒక చిన్నది వెనక్కి తిరిగి వాళ్లమ్మను అడిగింది. "అమ్మా, ఆయన మన కాయలు ఒలిసే తాతే గదా?" ఆ తల్లి నవ్వాపుకుని, "అవును. ఆయన పైడయ్య," అంది. ఆ పేరు ఆమె చెప్పిన తీరు విని అతను చొక్కా సర్దుకున్నాడు.

రెండో రీలు చివర నా ఉదయభానుడు వచ్చినప్పుడు జనం ఫారాల బల్ల దగ్గర వరస కట్టి ఉన్నారు. నవయుగాన్ని తెర ఒక్కటే చూసింది.

వ్యాన్ మెట్టు మీద

సర్దుకుంటుంటే పైడయ్య వచ్చి వ్యాన్ మెట్టు మీద కూర్చున్నాడు. ఇక లాభం లేదని చెప్పేశాను. తెంపింది నేనే, నా వ్యాఖ్యానం ఉండాలని.

"ఎరుగుదును," అన్నాడు.

"ఎలా?"

"దొర తెంపినాడనుకో, నువ్వు దొర మీద కోప్పడేవోడివి. నువ్వు మిషన్ మీద కోప్పడినావు. నోరు లేనోడి మీద కోప్పడినోడిదే తప్పు లా."

ముప్ఫై ఏళ్లలో దర్యాప్తు సంఘాలు కొన్ని చూశాను. ఇంత త్వరగా తేల్చినది లేదు.

"క్షమించు బాబాయ్. ఆ ముక్క ఇంక లేదు. పారేశారు."

"ముక్క పోతే పోనీ. నానున్నాను గదా." కాళ్లు చాపుకుని మోకాళ్లు రాసుకున్నాడు. "రేపు ఆట ఎక్కడ?"

"తెలుక్ ఆన్సన్ అవతల." ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్నారు, ఆ ఊరే.

"అక్కడ పిల్లలున్నారా?"

"ఉన్నారు."

"మీ బండిలో సోటు?"

"నీకైతే ఉంది."

"నాకొక్కడికేటి," అన్నాడు. "మద్దెల కూడా తెస్తాడు సింహాద్రి."

రెండో ప్రొజెక్టరు

మెర్డెకా వచ్చేదాకా, వచ్చాక కొన్ని నెలలూ, ఆ నలుగురూ మాతో తిరిగారు. పోలీసుల పర్మిట్లలో వాళ్లు సాంకేతిక సహాయకులు. ఏ సాంకేతిక పనని ఒక ఇన్‌స్పెక్టర్ అడిగితే, రీలు మార్చేటప్పుడు అవసరమవుతారని చెప్పాను. మా సినిమా గొప్పగా పనిచేస్తోందని రిపోర్టులు వెళ్లాయి. రిపోర్టులు రాసింది నేనే. సినిమా వల్లనే అని రాయలేదు; సినిమా ప్రదర్శనల వల్ల అని రాశాను. మెర్డెకా తర్వాత పెంబర్టన్ దొర ఇంగ్లండు వెళ్తూ నాతో చేయి కలిపి, "ఆ ఫారం ముక్క ఉంచాల్సింది, రావ్," అన్నాడు. ఉంచాల్సిందేనని ఒప్పుకున్నాను. ఎవరు తీసేశారో ఆయన నాకు గుర్తుచెయ్యలేదు. పెద్దమనిషి.

ఆయన స్థానంలో యూసోఫ్ గారు వచ్చారు. పాఠశాలల తనిఖీ అధికారిగా చేసి వచ్చినవాడు, నవ్వడానికి కూడా ఫైలు అడిగే మనిషి. వచ్చిన నెలలోనే మా వ్యాన్‌కు రెండో ప్రొజెక్టరు పంపించారు. ఒకటి అయిపోతుంటే రెండోది అందుకుంటుంది. ఆట ఎక్కడా ఆగదు. జతగా ఒక సర్క్యులర్, అంతరాయం లేని ప్రదర్శన అని.

దావూద్ పెట్టె విప్పి చూసి మూత పెట్టాడు.

అది మంచి యంత్రం. దాన్ని వాడితే పైడయ్య మళ్లీ బెంచీ చివర తలూపేవాడే. మరోసారి నా ముందు కాగితం, మరోసారి నేనే రాసివ్వాలి. ఈసారి సమాసాలు వాడలేదు. రెండో ప్రొజెక్టరు అక్కర్లేదని, రీళ్ల మధ్య విరామంలో నలుగురు వృద్ధ కళాకారులు ప్రదర్శన ఇస్తున్నారని, జనం ఫారాలు తీసుకుంటున్నది ఆ విరామం చూశాకేనని, లోగడ వాళ్ల దృశ్యాన్ని సినిమాలోంచి తీయించింది నేనేనని, నేనిచ్చిన కారణం అబద్ధమని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం పోవచ్చుననుకున్నాను. పోతే పోయిందని అనుకున్నానని రాస్తే బాగుంటుంది గాని, అంత ధైర్యం లేదు. కవరు అంటించి రెండు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. మూడో రోజు పంపించాను.

జవాబు రాలేదు. యూసోఫ్ గారే వచ్చారు. కౌలా సెలంగోర్ దగ్గరి ఎస్టేటులో ఆటకు ముందు కారు దిగి, ఎవరికీ చెప్పొద్దని నాతో అని, వెనక గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నా ఉత్తరం ఆయన చేతిలో ఉంది. మొదటి రీలు ఆయన చూశారు, ఆయన్ను నేను చూశాను. రెండింటిలోనూ కదలిక లేదు.

రీలు అయిపోయింది. గోనె లేచింది. పైడయ్య మోకాలు పట్టుకుని లేచాడు.

ఆ రోజు మామూలు కంటే బాగా చేశాడని చెప్పను. మామూలుగానే చేశాడు. మధ్యలో ఒకసారి వెనక్కి చూస్తే యూసోఫ్ గారు నా ఉత్తరం మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. కాగితం వణుకుతోంది.

ఆట ముగిశాక ఆయన కారు దగ్గరికి పిలిచారు. మొహం మళ్లీ తనిఖీ అధికారిదైంది. నేను కంచె వంక చూస్తూ నిలబడ్డాను.

"ఆ రెండో యంత్రం పెట్టెలోనే ఉండనీ," అన్నారు. తలుపు వేసుకున్నాక అద్దం దించి ఇంకో మాట చెప్పారు. "మీ డ్రైవర్‌తో చెప్పు. రీలు ఎక్కించడంలో అతను మరీ తొందరపడుతున్నాడు."